రెండు నాళాలకు ఒక సంతకం

బాచుపల్లి,
సోమవారం పొద్దున.

ప్రియమైన శ్రీవారికి,

ఫోనులో పెడితే బొటనవేలి బొమ్మ ఒకటి వేసి ఊరుకుంటారని కాగితం మీద రాస్తున్నాను. మీది నైట్ షిఫ్టు, నాది పగలు. ఇద్దరిదీ రాయదుర్గంలో ఒకే కంపెనీ, ఉండేది ఒకే ఇల్లు, అయినా మన ఐదేళ్ళ కాపురంలో సగం ఈ డైనింగ్ టేబుల్ మీది ఉత్తరాల్లోనే జరిగింది. ఇడ్లీలు హాట్‌ప్యాక్‌లో ఉన్నాయి. ముందు తినండి, చదివాక తినబుద్ధి కాకపోవచ్చు.

ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను. గురువారం. డాక్టర్ వసంత గారు మందుల చీటీ వెనక బొమ్మ గీసి చూపించారు. అండం, మగవాడి కణం కలిసేది గర్భసంచిలోనే అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాదట. సంచికి అటొకటి ఇటొకటి అండవాహికలు, నాలుగేసి అంగుళాల సన్నటి నాళాలు. చివర్లో వేళ్ళలాంటి కుచ్చులుంటాయి. నెలనెలా అండం బయటపడగానే ఆ వేళ్ళు దాన్ని తడిమి పట్టుకుని లోపలికి లాక్కుంటాయి. లోపల కంటికి కనపడనంత నూగు, అది అండాన్ని మెల్లగా సంచి వైపు నెడుతుంది. మగవాడి కణం అటునుంచి ఎదురొచ్చి ఆ నాళంలోనే కలవాలి, అదీ ఒక్క రోజులోపు. కలిశాక సంచికి చేరడానికి నాలుగైదు రోజులు. "ఒకవైపు నాళం లేకపోతే రెండోవైపుది వంగి వచ్చి ఆ అండాన్ని అందుకున్న సందర్భాలు కూడా ఉన్నాయండి" అన్నారావిడ. వింటుంటే నాకు ఏడుపొచ్చింది. నా రెండూ మూసుకుపోయి నీళ్ళు నిండాయని నాలుగేళ్ళ కిందటి రిపోర్టులో ఉంది కదా. ఆ నీరు సంచిలోకి దిగితే బిడ్డ నిలవదట. అందుకని రెండూ తీసేసి, ఆ తర్వాత ఐవీఎఫ్ చేస్తారు.

మీకు చెప్పని సంగతి ఒకటుంది. మీ చెల్లెలు సుష్మ సీమంతానికి ప్రొద్దుటూరు వెళ్ళినప్పుడు కడుపునొప్పితో గదిలో పడుకున్నానన్నాను. అబద్ధం. గాజులు తొడగడానికి సుష్మ చెయ్యి పట్టుకున్నాను. అత్తయ్య అందరి ముందూ నా చేతిలోంచి గాజులు లాక్కున్నారు. "నువ్వు తొడగద్దు పాపా. ట్యూబులు పూడిపోయినదానివి, నా కూతురి కడుపుకు నీ చెయ్యి తగలకుంటేనే మేలు" అన్నారు. వెళ్ళి వంటవాళ్ళ పక్కన కూర్చుని అరిటాకులు తుడిచాను. నాకు కోపం రాలేదండీ, అదే నా సిగ్గు. నిజమే కదా అనుకున్నాను. ఆ రోజు నుంచి నా ఒళ్ళంటే నాకే అసహ్యం.

ఐవీఎఫ్ కూడా ఫలించకపోతే నేను తప్పుకుంటాను. మీ రిపోర్టు బ్రహ్మాండంగా ఉంది, ఇంకొకరిని చేసుకుంటే ఏడాదిలో తండ్రి అవుతారు. నేనేమీ అనుకోను.

మీ
హరిత

మంగళవారం.

హరీ,

వద్దు. నీ ఒంటి మీద కత్తి పడనివ్వను. పిల్లలు లేకపోతే కొంపలేం మునగవు. అమ్మ నోరు అంతే, నీకు తెలియనిదా, ఆమెకు నేను చెప్తాలే. నాలుగేళ్ళలో నీలో లోపం ఉందని నేనెప్పుడైనా ఒక్క మాట అన్నానా? ఉన్నదాంతో హాయిగా ఉందాం. మరీ మొండికేస్తే గురువారం లీవు పెట్టి వస్తాను, సంతకం పెడతాను. అంతకంటే ఏం చేయగలను చెప్పు.

ఇడ్లీ తిన్నాను.

నీ
యశ్వంత్

మూసాపేట,
ఆదివారం.

యశ్వంత్‌కు,

మంగళవారం నీ ఉత్తరం చదివి ఏడ్చాను. కత్తి పడనివ్వనన్నాడే, ఇంత ప్రేమ ఎక్కడ దాచాడు అనుకున్నాను. దాన్ని మడిచి ఆసుపత్రి బ్యాగులో కూడా పెట్టుకున్నాను, వెర్రిదాన్ని.

మత్తు దిగాక డాక్టర్ వసంత గారు నా మంచం మీద కూర్చుని, "ఏమీ తీయలేదమ్మా" అన్నారు. కోసే ముందు అలవాటుగా నీలిరంగు మందు ఎక్కించి కెమెరాలో చూశారట. రెండు నాళాల చివర్ల నుంచీ రంగు ధారగా కారింది. నీరు లేదు, వాపు లేదు, అడ్డు లేదు. "ఇంత చక్కటి ట్యూబులకు ఆ రిపోర్టు ఎవరిచ్చారండీ?" అని అడిగారు. నువ్వప్పుడు క్యాంటీన్‌లో ఉన్నావు. సెలైన్ మారుస్తున్న నర్సు నా దగ్గరికి వంగి, "అక్కా, మీ సారు పొద్దున మస్తు పరేషాన్ అయిండు. మళ్ల చూసుడు ఏంటికి, సంతకం పెట్టిన కదా, సీదా తీసేయమని మేడంకు చెప్పు అన్నడు నాతోని" అంది.

ఆ ఫారం తెప్పించి చదివాను. నా భార్య రెండు అండవాహికలూ తొలగించడానికి అంగీకరిస్తున్నాను అని ఉంది. కింద నీ సంతకం, ఫోన్ నంబరుతో సహా. అవి బాగున్నాయని ఈ భూమ్మీద తెలిసినవాడివి నువ్వొక్కడివే. చూస్తే బయటపడుతుంది, తీసేస్తే ఇక సాక్ష్యమే ఉండదు. అందుకు పెట్టావు.

ఎలా తెలిసిందంటావా. స్కాన్ సెంటర్లకు, ల్యాబులకు రిపోర్టుల సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో నీది సపోర్టు, నాది టెస్టింగ్. వాళ్ళ సిస్టం మొరాయిస్తే లోపలికి వెళ్ళి బాగుచేయడం నీ పని. ఆ దారినే వెళ్ళి నా రిపోర్టు తిరగరాశావు. అయితే అంతకు ముందే, మార్చిన ప్రతి రిపోర్టు వెనకా పాతది చెరగకుండా, మార్చినవాడి పేరుతో సహా ఉండాలని మీ టీముతో రెండు నెలలు పోట్లాడి పెట్టించింది నేను. "ఎవరు చూస్తారు తల్లీ అవన్నీ" అని నవ్వావు. శుక్రవారం నేను చూశాను. అలా చూస్తే ఉద్యోగం పోతుందని తెలుసు, పోనీ. నా అసలు రిపోర్టులో రెండు నాళాలూ తెరిచే ఉన్నాయి. దానికి వారం ముందు నీ రిపోర్టు కూడా మార్చుకున్నావు. సున్నా ఉన్నచోట ఆరు కోట్ల కణాలని రాసుకున్నావు. అబద్ధంలో కూడా పిసినారితనం లేదు నీకు.

సున్నా వచ్చిందని నాతో చెప్పి ఉంటే నిన్ను కడుపులో పెట్టుకుని చూసుకునేదాన్ని. ఒట్టు. నువ్వు దాన్ని నా మీదికి తోశావు. నా దొంగ రిపోర్టు మీ అమ్మకు తెలుగు చేసి వినిపించిందీ నువ్వే. నేను ఇల్లు వదిలొచ్చాక నిన్న ఫోనులో, "అమ్మకు తెలిస్తే చచ్చిపోతుంది హరీ, నీ కాళ్ళు పట్టుకుంటా" అన్నావు. నాలుగేళ్ళు నన్ను రోజూ చంపింది, నేను చచ్చానా? ఆమె కూడా చావదు. ఈ ఉత్తరం ప్రతులు ఆమెకొకటి, సుష్మకొకటి స్పీడ్‌పోస్టులో పంపాను.

ఇంకొక్క సంగతి ఉంది. నీ అసలు రిపోర్టు డాక్టర్ వసంత గారికి చూపించాను. ఆవిడ మగవాళ్ళ డాక్టరు ఒకాయనతో మాట్లాడి చెప్పారు. నీలో కణాలు తయారవుతూనే ఉండి ఉంటాయట, బయటికొచ్చే దారిలోనే అడ్డు ఉన్నట్టు కనిపిస్తోందట. పూడిపోయిన నాళం నీది యశ్వంత్. ఆ రోజే వచ్చి ఉంటే ఒక చిన్న ఆపరేషన్‌తో పోయేదేమో. ఇప్పటికీ మించిపోలేదట. సూదితో కణాలు తీసి నా అండంతో కలిపితే బిడ్డ పుట్టే అవకాశం బాగా ఉందని, వచ్చే నెలలోనే మొదలుపెట్టవచ్చని అన్నారు. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. "మీ వారిని తీసుకొచ్చేయండమ్మా" అన్నారు.

నీకు బిడ్డంటే ఎంత ఆశో నాకు తెలుసు. సుష్మ కూతుర్ని ఒళ్ళోంచి దించాల్సి వచ్చినప్పుడల్లా ఇంకో ఐదు నిమిషాలని నువ్వు బతిమాలడం చూశాను. అందుకే ఇది నీకు తెలియాలని పనిగట్టుకుని రాస్తున్నాను.

ఆవిడకు వద్దని చెప్పాను. ఎందుకని అడిగారు. ఆయనకు నా కడుపున పిల్లలు పుట్టరండీ అన్నాను.

హరిత