టైమర్ చుట్టూ మూడు గీతలు

మార్చి 3, ఆదివారం

ఇవాళ అత్తయ్య రేడియోకి రంగు వేశాను. పాతికేళ్ల నాటిది. తెల్ల ప్లాస్టిక్ పసుపెక్కిపోయింది, వేళ్లు తగిలే చోటల్లా పెచ్చులు లేచాయి, డయల్ పక్కన గోటితో గీరినట్టు ఒక గాటు కూడా. ఆయన కొత్తది కొందామన్నారు. పాడేదాన్ని పారేయడమేంటని నేనే స్ప్రే డబ్బా తెచ్చాను.

రంగుల షాపాయన ఓపిగ్గా చెప్పాడు. స్క్రూలు విప్పి పై డొప్ప మాత్రం సబ్బుతో కడగాలి. సన్న ఉప్పుకాగితంతో రుద్దాలి. ముందు ప్రైమర్, తర్వాత రంగు, అదీ పల్చగా మూడు కోటింగులు. చెయ్యి ఒకచోట ఆపితే కారుతుందమ్మా అన్నాడు. ఆపాను. కారింది. రుద్ది మళ్లీ మొదలుపెట్టాను.

సాయంత్రానికి మీగడ రంగులో మెరిసింది. అత్తయ్య రెండు చేతులతో తడిమి, చాలా బాగుందమ్మా అన్నారు. గొంతులో మాత్రం సంబరం లేదు. నాకు కాస్త చిన్నబోయినట్టయింది.

మార్చి 7, గురువారం

నాలుగు రోజులుగా రేడియో మోగలేదు. ఏంటత్తయ్యా అంటే, విసుగొచ్చిందిలే అన్నారు. పొద్దున్నే వార్తలు వినందే కాఫీ కూడా ముట్టని మనిషి!

మార్చి 10, ఆదివారం

చెయ్యి తిరిగింది కదా, ఇవాళ ఓవెన్ మీద పడ్డాను. అంకెలు అరిగిపోయాయి. టైమర్ నాబ్ చుట్టూ ప్లాస్టిక్ మీద మూడు గీతలు, కత్తితో కోసినట్టు. పుట్టీతో పూడ్చి, నున్నగా రుద్ది, నల్లరంగు కొట్టాను. తెల్ల స్టిక్కర్ అంకెలు అంటించాను. షోరూమ్ పీస్!

ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే నాకూ రంగు కొట్టేసేలా ఉన్నావని ఆయన జోకు.

మార్చి 12, మంగళవారం, మధ్యాహ్నం 3

ఆఫీసుకు పక్కింటావిడ ఫోన్ చేసింది. మీ వంటింట్లోంచి పొగ వస్తోంది, రండి అని. పరుగెత్తుకొచ్చాను. అప్పటికే ఆవిడ స్విచ్ తీసేసింది. ఓవెన్లో బ్రెడ్ ముక్కలు బొగ్గయిపోయాయి. అత్తయ్య కాలిన వేళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చున్నారు. పరధ్యానంలో ఎక్కువ తిప్పేశానమ్మా అన్నారు.

మంచినీళ్ల గ్లాసు కుడివైపు నుంచి అందించాను. ఆవిడ అటు చూడలేదు. గ్లాసు అక్కడుందని తెలియలేదు.

అదే రోజు, సాయంత్రం 6

అడిగాను. రెండుసార్లు మాట తప్పించారు. మూడోసారి చెప్పారు.

కుడికన్ను ఏడాదిగా కనపడట్లేదట. ఎడమది మసక. ఓవెన్ మీద గీతలు ఆవిడవే. ఒక నిమిషానికొకటి, మూడు నిమిషాలకొకటి, అయిదుకొకటి. రేడియోలో వార్తలొచ్చే చోటు గుర్తే ఆ గాటు. రెండూ నేనే నున్నగా రుద్దేశాను.

ఎందుకు దాచారత్తయ్యా అన్నాను.

“ఈ ఉద్యోగం కోసం ఎన్ని తిప్పలు పడ్డావో చూశానుగా. నాకు కళ్లు పోయాయంటే మానేసి ఇంట్లో కూర్చుంటావు. నాకు తెలీదూ నీ సంగతి?”

“పోనీ, రంగు వేస్తానన్నప్పుడైనా వద్దనొచ్చుగా?”

“అంత ముచ్చటపడి చేస్తుంటే నోరెలా వస్తుందే?”

నేను బాత్రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను.

మార్చి 14, గురువారం

కళ్ల డాక్టరు గంటసేపు చూసింది. కుడికంట్లో ప్రెజర్ పెరిగి నరం ఎండిపోయింది. ఇక చూపు రాదు. ఎడమకంట్లో శుక్లం, ప్రెజర్ కూడా మొదలైంది. ఆపరేషన్ చేసి, జీవితాంతం చుక్కలు వేస్తే చూపు నిలుస్తుంది. ఇంకో ఆరునెలలు ఆగుంటే ఇదీ దక్కేది కాదంది.

ఆయన వరండాలో కుర్చీలో కూలబడి, కన్నతల్లిని రోజూ చూస్తూ కూడా కనిపెట్టలేకపోయాను అన్నారు. మరి నేను?

మార్చి 17, ఆదివారం

అత్తయ్య వేలు పెట్టి చూపించిన చోటల్లా నేను బ్లేడుతో గీశాను. కొత్త రంగు మీద గీత పడుతుంటే మనసు చివుక్కుమంది. డైరీలో కూడా అబద్ధమెందుకు?

ఉద్యోగం మాననని మాటిచ్చాను. అది ఆవిడ షరతు. లేకపోతే ఆపరేషన్‌కి రానన్నారు.

మార్చి 28, గురువారం

ఆపరేషన్ అయింది. రేపు కట్టు విప్పాక చుక్కలు, రోజుకు నాలుగుసార్లు.

మార్చి 29, శుక్రవారం

కట్టు విప్పారు. అత్తయ్య నన్ను చాలాసేపు చూశారు. ఆయన వైపు తిరిగి, దీనికి తెల్లవెంట్రుకలు ఎప్పుడొచ్చాయిరా అన్నారు.

పెయింట్ పడుంటుంది అత్తయ్యా అన్నాను.

దగ్గరికి లాక్కుని పాయ తీసి చూశారు.

“పెయింట్ కుదుళ్లలోంచి మొలుస్తుందా?”