నీళ్ళు రాని బుధవారం

ఆదివారం

ప్రియమైన వదినగారికి,

మన మనవరాలు పిడుగును, దాని నీలం సంచీని, సంచీ పక్క జేబులో ఈ ఉత్తరాన్ని మావాడి స్కూటరు మీద పంపుతున్నాను. ఫోనులో మాట్లాడుకున్న ప్రతిసారీ మన గొంతులు లేస్తున్నాయని, "ఏమున్నా కాగితం మీద రాసుకోండి, మా చెవులు కాపాడండి" అని మీ అమ్మాయి తేల్చేసింది కదా. నా కోడలి మాట నేను జవదాటను.

విషయం ఏమిటంటే, పోయిన ఆదివారం మీ ఇంటి నుంచి వచ్చిన రెండో రోజు నుంచీ పిల్ల ఒంటికి వెళ్ళాలంటే ఏడుస్తోంది. "నాయనమ్మా, ఉచ్చ పోస్తే మంట" అంటోంది. చూస్తే కింద ఎర్రగా కందిపోయి ఉంది. కూర్చున్నచోట కూర్చోకుండా గోక్కుంటోంది. నాలుగేళ్ళ పిల్లకు ఇది ఎక్కడ అంటుకుందో నేను అడగను. మీది దర్జీ ఇల్లు. గుడ్డ పీలికలు, దుమ్ము, వచ్చేపోయే జనం తప్పవు. నేను మాత్రం ముప్పై ఏళ్ళు పిల్లల గోళ్ళు, చెవులు చూసి గాని బడి గడప దాటనివ్వని ప్రధానోపాధ్యాయురాలిని.

చేయవలసిందంతా చేశాను. పూటకోసారి సబ్బు పెట్టి రుద్ది కడిగాను. స్నానం నీళ్ళలో ఘాటు మందు చుక్కలు వేశాను. సాయంత్రం గులాబీ వాసన నురుగు టబ్బులో అరగంట కూర్చోబెట్టాను. ఆపైన పౌడరు అద్దాను. ఇంత చేసినా తగ్గలేదంటే మూలం ఎక్కడుందో మీరే గ్రహించాలి.

ఇంకో మాట. పడుకోబెడితే "అమ్మమ్మ చెప్పే కోతి కథ చెప్పు" అంటుంది. నాకు కోతి కథ రాదు. వీలైతే రాసి పంపండి. పంపకపోయినా పర్వాలేదు.

ఇట్లు,
పిడుగు నాయనమ్మ


ఆదివారం

ప్రియమైన వదినగారికి,

మీ ఉత్తరం చదివి మిషను మీద సూది విరగ్గొట్టుకున్నాను. గురివింద గింజ సామెత మీరు బడిలో పిల్లలకు చెప్పే ఉంటారు, నేను మళ్ళీ చెప్పను. నా ఇంట్లో దారప్పోగులు ఉంటాయి గాని మురికి ఉండదు. గిరాకీ వాళ్ళు వసారా దాటి లోపలికి రారు. మీ దగ్గర రెండో రోజు మొదలైన మంట నా ఇంటి నుంచి వచ్చిందంటే, అది స్కూటరు దిగి రెండు రోజులు మీ గుమ్మంలో ఆగి వచ్చిందా?

ఇక్కడా ఏడ్చింది. దాచను. కాళ్ళు దగ్గరగా ముడుచుకుని, పోసుకోకుండా బిగబట్టుకుని గంటలు గంటలు కూర్చుంటోంది. నేను చేసేది నేనూ చేశాను. గులాబీ రంగు నైలాను గుడ్డకు లేసు వేసి, లాగు జారకుండా ఎలాస్టిక్ బిగించి ఆరు చెడ్డీలు కుట్టాను. వాటిని చూసి పిడుగు అద్దం ముందు నుంచి కదిలితేనా!

మీరు నొచ్చుకోనంటే ఒకటి చెబుతాను. నొచ్చుకున్నా చెబుతాను. దిగిన పూటే నా స్నానాల గది చూసి "ఇక్కడ నురుగు లేదు, నాయనమ్మ ఇంట్లో ఉంది" అని మూతి ముడిచింది. దాన్ని కాళ్ళ మీద వేసుకుని పెంచింది నేను. ఒక సీసా నురుగుతో మీరు దాని మనసు లాగేసుకుంటే చూస్తూ ఊరుకునే గుణం నాకు దేవుడివ్వలేదు. వెళ్ళి నేనూ కొన్నాను. నిమ్మ వాసనది. మీ సీసా కంటే పెద్దది. మూత కప్ప బొమ్మ. రోజుకు రెండుసార్లు నురుగులో ఆడించాను.

కోతి కథ రాయడానికి కుదరదు. అది నోటితో చెప్పే కథ, తోకలు చేత్తో తిప్పాలి.

ఉంటాను,
పిడుగు అమ్మమ్మ


ఆదివారం

ప్రియమైన వదినగారికి,

కప్ప మూత గురించి పిడుగు నాకు మూడు రోజులు వరసగా చెప్పింది. సంతోషం.

పిల్ల పరిస్థితి బాగాలేదు. ఎరుపు తొడల దాకా పాకింది. మీ నైలాను చెడ్డీల ఎలాస్టిక్ అచ్చులు నడుము మీద పడ్డాయి. మూడేళ్ళకే మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలుపెట్టింది. నాకు అలవాటు కనుక ఒక నోటుపుస్తకం పెట్టి, ఏ రోజు ఎన్నిసార్లు ఏడ్చిందో, ఏం తిన్నదో, ఏం తొడుక్కుందో రాస్తున్నాను. బుధవారం ఒక్కనాడే ఏడవలేదు. ఆ రోజు మా వీధికి కుళాయి నీళ్ళు రాలేదు, స్నానం లేదు, తాగే నీళ్ళతోనే రెండు చెంబులు పోసి సరిపెట్టాను. మీ ఇంటి నుంచి తెచ్చుకున్నది తగ్గుముఖం పట్టిందనుకున్నాను. గురువారం మళ్ళీ మామూలే.

అసలు సంగతి వినండి. నిన్న కోడలు వచ్చి పిల్లను చూసి ఒంటికాలి మీద లేచింది. సీసాల ఫ్యాక్టరీలో వాళ్ళిద్దరిదీ తెల్లవారుజాము షిఫ్టు కాబట్టి ఇన్నాళ్ళూ మన ఇద్దరి దగ్గరా చెరో వారం ఉంచారు. "నెలాఖరుకు ఇది తగ్గకపోతే ఈ ఇల్లూ వద్దు, ఆ ఇల్లూ వద్దు. ఫ్యాక్టరీ శిశు కేంద్రంలో వేసేస్తాను. అక్కడ ఆయమ్మ ఉంది" అంది. మావాడు తల ఊపాడు. వాడు దేనికైనా తల ఊపుతాడు.

ఎవరో ఆయమ్మ మన పిల్లను ఎత్తుకోవడం మీకు ఇష్టమేనా? నాకు కాదు. అందుకని మీరు శ్రద్ధ పెట్టండి.

ఇట్లు,
పిడుగు నాయనమ్మ


ఆదివారం

ప్రియమైన వదినగారికి,

శుభవార్త. పిడుగుకు తగ్గింది. సోమవారం ఏడ్చింది, మంగళవారం కొంచెం, గురువారానికి ఎరుపు లేదు, మంట లేదు. బాత్‌రూముకు పాట పాడుకుంటూ పోతోంది. మా అమ్మాయి వచ్చి చూసి నా మెడ చుట్టూ చేతులు వేసింది. "నీ దగ్గరే ఉండనీ అమ్మా" అనలేదు గాని, అనే మొహమే పెట్టింది.

ఏం చేశావని అడిగింది. ఏమీ చేయలేదన్నాను. కొన్ని చేతుల్లో పిల్లలు వాళ్ళంతట వాళ్ళే కోలుకుంటారు. అందరికీ రాసి ఉండదు.

అది ఇప్పుడు మళ్ళీ మీ దగ్గరికి వస్తోంది. మీ నోటుపుస్తకంలో ఏం రాసుకుంటారో మీ ఇష్టం.

ఉంటాను,
పిడుగు అమ్మమ్మ


గురువారం

వదినగారికి,

ఇది సంచీలో రావడం లేదు. మావాడి చేతికిచ్చి పంపుతున్నాను. అంటించాను, వాడు చదవడు.

సోమవారం సాయంత్రానికే పిడుగుకు మళ్ళీ మొదలైంది. నిన్న పొద్దుటి నుంచి ఒక్క చుక్క పోయలేదు. పొట్ట పట్టుకుని మెలికలు తిరిగింది. బాత్‌రూము గుమ్మంలో నా చీర పట్టుకుని "వద్దు నాయనమ్మా, బుద్ధిగా ఉంటా, వద్దు" అంది. బడిలో ఎంతో మంది పిల్లలు నన్ను చూసి భయపడ్డారు, అప్పుడు నాకు అది గౌరవమనిపించేది. నిన్న అలా అనిపించలేదు. భుజాన వేసుకుని పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను.

ఆవిడ గోరువెచ్చని నీళ్ళ టబ్బులో కూర్చోబెట్టి, ఆ నీళ్ళలోనే పోసుకోమంది. వట్టి నీళ్ళు. పిల్ల పోసుకుంది. మూత్రం పరీక్ష చేసింది, నులిపురుగులేమో చూసింది, అవేమీ లేవు. తర్వాత పిడుగునే అడిగింది, "అక్కడ ఎవరైనా ముట్టుకుని నిన్ను ఏడిపించారా తల్లీ?" అని. నేను కుర్చీలోంచి లేచాను. "ప్రతి పిల్లనూ అడుగుతానమ్మా, అడగకపోతేనే తప్పు" అంది. పిడుగు నా వైపు వేలు చూపించి "నాయనమ్మ. సబ్బు పెట్టి రుద్దుతుంది" అంది.

డాక్టరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. "ఇది మురికి వల్ల వచ్చింది కాదు, అతి శుభ్రం వల్ల వచ్చింది. ఈ వయసులో అక్కడి చర్మం ఉల్లిపొర. సబ్బు, నురుగు, మందు నీళ్ళు, పౌడరు ఏదీ పడదు" అంది. ఆ తర్వాత దస్త్రం తిప్పి, "ఇదంతా పోయిన వారం సోమవారమే ఈ పాపకు రాసిచ్చానే! అమ్మమ్మగారు తీసుకొచ్చారు. ఆ కాగితం మీకు చేరలేదా?" అంది.

చేరలేదు వదినగారూ. మీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. "ఏమీ చేయలేదు" అని ఉంది. ఆ కాగితం ఎక్కడుంది?

పిడుగు నాయనమ్మ


శుక్రవారం

ప్రియమైన వదినగారికి,

నా కుట్టుమిషను సొరుగులో, బొత్తాల డబ్బా కింద ఉంది. ఉంది కాదు, ఉండేది. ఇప్పుడు ఈ ఉత్తరంతో పాటు మీ చేతిలో ఉంది.

చదవండి. ముందు నుంచి వెనక్కు తుడవాలి, వెనక నుంచి ముందుకు తేకూడదు. ఒంటికి కూర్చున్నప్పుడు మోకాళ్ళు ఎడంగా పెట్టించాలి, తొందరపెట్టకూడదు. రోజుకు ఒకసారి వట్టి గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి గుడ్డతో అద్దడం, రుద్దడం కాదు. మంటగా ఉంటే పెట్రోలియం జెల్లీ పల్చగా. వదులు నూలు చెడ్డీలు, పడుకునేటప్పుడు అవీ వద్దు. జ్వరం వచ్చినా, రక్తం గాని చెడువాసన గాని కనిపించినా, కడుపు నొప్పన్నా, రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా వెంటనే తీసుకురావాలి. చివర ఆవిడ గీత గీసి రాసింది: "ఇంట్లో పిల్లను చూసుకునే అందరికీ ఇది చూపించండి."

అందరికీ అంటే మీరే కదా. చూపించలేదు.

మర్చిపోయానని రాద్దామని రెండు కాగితాలు చించాను. మర్చిపోలేదు. కప్ప మూత సీసా పారబోశాను, నైలాను చెడ్డీలు విప్పదీసి పీలికలు చేశాను, పిల్లకు తగ్గింది. తగ్గాక నాకు ఏమనిపించిందో తెలుసా? నా ఇంట్లో తగ్గి, మీ ఇంట్లో మళ్ళీ వస్తే బాగుండుననిపించింది. వస్తుందని తెలుసు. తెలిసే సంచీ సర్ది, జడ వేసి, ముద్దు పెట్టి పంపాను. ఏడిస్తే "అమ్మమ్మ దగ్గరికి" అంటుందని. మా అమ్మాయి అప్పుడు ఇక దాన్ని మీ గుమ్మం తొక్కనివ్వదని.

మీ మీద నాకు కుళ్ళు వదినగారూ. మీకు చదువుంది, టబ్బుంది, మీ మాటకు పిల్ల "ఊఁ" అంటుంది. నా మాటకు "ఊహూఁ" అంటుంది. ఆ కుళ్ళు మీ దాకా రాలేదు. నాలుగేళ్ళ పిల్ల పొట్ట పట్టుకుని మెలికలు తిరిగింది.

రేపు పొద్దున్నే వెళ్ళి మా అమ్మాయికి నేనే చెబుతాను. మీరు చెప్పనక్కర్లేదు. నూలు చెడ్డీలు ఎనిమిది పంపుతున్నాను, నాలుగుసార్లు ఉతికి మెత్తబరిచాను. కోతి కథ కూడా రాశాను. తోకలు ఎక్కడ తిప్పాలో పక్కన గుర్తులు పెట్టాను.

పిడుగు అమ్మమ్మ


మంగళవారం

ప్రియమైన వదినగారికి,

ఇప్పుడు నీలం సంచీ శిశు కేంద్రానికి పోతోంది గనుక, ఇది పోస్టులో వేస్తున్నాను. పది రోజులు ఆగాను. మంచి మాటల కోసం వెతికాను, దొరకలేదు, ఉన్నవే రాస్తున్నాను.

ఆ శనివారం పొద్దున మీరు కోడలి ఇంటి మెట్లు దిగి వెళ్ళిన పావుగంటకు నేను అవే మెట్లు ఎక్కాను. కోడలు తలుపు తీసి, "మీరు కూడానా అత్తయ్యా!" అంది. మీ తప్పు చెప్పడానికి వచ్చాననుకుంది. నేను నా నోటుపుస్తకం తెరిచి దాని ఒళ్ళో పెట్టాను. అందులోంచి ఒక పేజీ చింపి మీకూ పంపుతున్నాను, నా దస్తూరీయే.

బుధవారం: నీళ్ళు రాలేదు. నురుగు లేదు. ఏడుపు లేదు. ఇది మీకు అప్పుడే రాశాను. దాని కింది రెండు పంక్తులు మీకు రాయలేదు. శుక్రవారం: అనుమానం వచ్చి నురుగు ఆపి చూశాను. ఏడుపు లేదు. శనివారం: పిల్ల "నురుగు ఏదీ?" అంది. పోశాను. ఏడుపు ఆరుసార్లు.

చూశారా. మీకు డాక్టరమ్మ చెబితే తెలిసింది. నాకు అంతకు రెండు రోజుల ముందే, నా పుస్తకమే చెప్పింది. ఆపేస్తే మీ ఇంట్లో కప్ప మూత ఉంటుంది, నా ఇంట్లో ఏముంటుంది? నాకు కోతి కథ కూడా రాదు. అందుకని మళ్ళీ పోశాను. తర్వాతి సోమవారమూ పోశాను. మీరు కాగితం పంపి ఉంటే ఆపేదాన్నా? ఆపేదాన్నని ప్రమాణం చేయలేను. అందుకే మీ ఉత్తరానికి కోపంగా జవాబు రాయడానికి నాకు అర్హత లేదు.

కోడలు కేకలు వేయలేదు. వేస్తే బాగుండేది. పిల్లను శిశు కేంద్రంలో వేసింది, మనకు ఆదివారం మధ్యాహ్నాలు మిగిల్చింది. న్యాయమే.

నిన్న మనసాగక శిశు కేంద్రం గేటు దగ్గరికి వెళ్ళాను. ఆయమ్మను చూశాను. ఎర్ర చేతులు, గట్టి గొంతు, పని తెలిసిన మనిషి. కుళాయి దగ్గర పిడుగును నిలబెట్టి ఒక చెంబు నీళ్ళు పోసి, మెత్తగా అద్ది, నూలు చెడ్డీ తొడిగి వదిలేసింది. రెండు నిమిషాలు పట్టలేదు. సబ్బు లేదు, వాసన లేదు, కప్ప లేదు. పిల్ల కిలకిలా నవ్వి ఆవిడ మెడకు వేలాడింది. అది నా మెడకు అలా ఎప్పుడు వేలాడిందో నోటుపుస్తకంలో వెతికాను. అది రాసుకోవాలని నాకు ఎన్నడూ తోచలేదు.

మీరు రోడ్డు అవతల నిలబడ్డారు. నన్ను చూసి గొడుగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఎండా లేదు, వానా లేదు వదినగారూ. ఆయమ్మ దాన్ని ముద్దు పెట్టుకున్నప్పుడు మీ గొడుగు ఎలా అదిరిందో నేను చూశాను. నేను ఊచలు పట్టుకున్న తీరు మీరూ చూసే ఉంటారు.

శుక్రవారం పదింటికి మళ్ళీ వెళతాను. గొడుగు పెద్దదే కదా, ఇద్దరం పడతాం.

మీ వదిన