ఒక్కసారే అడగండి

కోడంబాక్కం, మద్రాసు
1995 ఆగస్టు 12

చిరంజీవి మునెమ్మకు అన్న ఆశీస్సులు. ఇక్కడ మీ వదినా నేనూ కులాసా. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందని చదివి సంతోషించాను.

రిటైరై పదేళ్లయినా ఆ మునిసిపల్ ఆఫీసు మెట్లు ఎందుకు ఎక్కుతున్నావని కోప్పడ్డావు. కొత్త గుమాస్తాలకు పని నేర్పమని కమిషనరే పిలిపించాడు. కాని నేను వెళ్ళింది మా పాత సూపరింటెండెంటు బాలసుందరం మీద కసితో. జనాన్ని పదిసార్లు తిప్పకుండా, తక్కువైన కాగితాలన్నీ ఒక్కసారే చీటీ మీద రాసి, కింద గుమాస్తా తన పేరు పెట్టాలని 1964లో నేను నోటు పెట్టాను. పుస్తకాలు చదివి చెడిపోయాడని అందరి ముందూ నవ్వి, పదకొండేళ్లు నన్ను రికార్డు గదిలో పడేశాడు ఆ పెద్దమనిషి.

ఆ చీటీ రాయడమే ఇప్పుడు ముప్పైమందికి నేర్పాను.

పోయిన సోమవారం బాలసుందరం తన మనవడి జనన పత్రం కోసం వచ్చాడు. నేను పక్క బెంచీ మీదే ఉన్నాను. వరస దాటుకొని కౌంటరు దగ్గరికి పోయి, "నేనెవరో తెలుసునా పాపా?" అన్నాడు.

కౌంటర్లో ఉన్నది శరణ్య, రాయపురం తెలుగుపిల్ల. ఫారం చూసి, "తెలీదు సార్. ఈడ మీ పేరు రాయలేదే," అంది.

ఆఫీసరు గదిలోకి దూసుకెళ్ళాడు. ఆ ఆఫీసరే వెనక్కి పంపాడు. వరసలో నిలబడ్డాడు. శరణ్య చీటీ రాసిచ్చి, "రెండు కాయితాలు తక్కువ సార్. ఇవి తెస్తే ఇంకేమీ అడగం," అంది. మర్నాడు పావుగంటలో పత్రం చేతికొచ్చింది. పోతూ పోతూ నా ముందు ఆగి, ఇది నీ పాత నోటే కదా అని అడిగాడు. అవునన్నాను. ముప్పై ఏళ్లుగా దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి గాని, ఆ ఒక్కటే సరిపోయింది.

మునెమ్మా, ఒక సంగతి మిగిలింది. మొదటి రెండు రోజులూ పిల్లలు నా క్లాసులో ఆవులిస్తూ కూర్చున్నారు. మూడోరోజు నీ గురించి చెప్పాను. ఆ నోటు పెట్టడానికి ముందటేడు, ఇక్కడి ఆసుపత్రిలో పోయిన మీ ఆయన మరణ పత్రం కోసం చంటిబిడ్డతో పుత్తూరు నుంచి మూడుసార్లు వచ్చావు. వచ్చినప్పుడల్లా ఇంకో కాగితం అడిగాను, రూలంతే అన్నాను. రూలు కాదమ్మా. ఏమేం కావాలో నాకే తెలియదు. ఎవరూ నేర్పలేదు. తెలియదని చెల్లెలి ముందు ఒప్పుకోలేకపోయాను. అన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, జాబితా అచ్చేసిన ఆ ఫారం వెనక పేజీ తిప్పి చూడలేదు.

శరణ్య లేచి, "మూడోసారి ఆమె ఏమనింది సార్?" అని అడిగింది.

"'అన్నా, నీకు పని ఎక్కువైపోయింది, ఒళ్లు జాగ్రత్త' అనింది," అని చెప్పాను.

అప్పుడు పిల్లలు కలాలు తీశారు.

ఇట్లు,
నీ తిట్లకు సిద్ధంగా ఉన్న అన్న
ఆదికేశవులు