మూత తియ్యని టెలిస్కోపులో శనిగ్రహం

అమ్మకి,

నీ కూతురు నమస్కరించి రాస్తున్న సంగతులు. ఇక్కడ ఇద్దరం వేళకి తింటున్నాం, పడుకుంటున్నాం. ‘క్షేమం’ అన్న మాట దగ్గర మాత్రం ఈసారి కలం మొరాయించింది. అక్కడ నర్సు ట్రైనింగులో నువ్వూ, నీ వార్డులో మంచాలెక్కినవాళ్ళూ బాగుండాలి.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి కారడం ఆగింది, వాషరు నేనే మార్చాను. ఇంటర్వ్యూ చేసినవాళ్ళు ఉలకలేదు, పలకలేదు. నాన్న బీపీ మాత్రలు వేసుకుంటున్నాడు, నేను ఎదురుగా నిలబడితేనే. ఇక, "చీకటితో లేచి పెరట్లో ఆ గొట్టం ముందు ఏం రాచకార్యమే?" అని దెప్పావు. ఆ వేళకి డాబాలూ రోడ్లూ చల్లబడి గాలి నిలకడగా ఉంటుందమ్మా. గ్రహం వణక్కుండా నిలుస్తుంది. శని వలయం పెన్సిలుతో గీసిపెట్టినట్టు కనిపిస్తుంది. పొద్దున్నే శని మొహం చూస్తే బాగుపడినట్టే అని నువ్వు నవ్వుతావు. ఆ శని సంగతే చెప్పాలి.

రెండు వారాల కిందట టెలిస్కోపు గురిపెట్టి, మంచు పడకుండా మూత పెట్టి, నాన్నని లేపుకొచ్చాను. కన్ను ఆనించే చోటు ఆ రోజు గోడవైపుకి వచ్చింది. ఆయన ఎప్పుడూ ఎడమ కన్నే ఆనిస్తాడు. గోడ అడ్డం కాబట్టి కుడి కన్ను పెట్టక తప్పలేదు.

"ఆహా, ఉంగరం భలే ఉందే తల్లీ!" అన్నాడు.

అప్పుడు చూశాను, మూత తియ్యడం మరిచిపోయానని.

పడీ పడీ నవ్వాను. మూతలోంచి శనిని చూసిన మొనగాడివి నువ్వేనన్నాను. ఆయనా నవ్వాడు. మూత తీసి మళ్ళీ చూడమన్నాను. "ఇప్పుడింకా బాగుంది" అన్నాడు. ఉంగరం ఎటు వాలి ఉందో చెప్పమంటే కన్ను నులుముకుని మళ్ళీ ఆనించాడు. స్టాండు తిప్పి, మళ్ళీ గురి చూసి, ఎడమ కన్ను పెట్టించాను. వాలు చెప్పాడు, పక్కనున్న చిన్న చుక్కని కూడా చెప్పాడు. కుడి కంటికి ఏదీ ఆనడం లేదన్నమాట.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"నాలుగు నెలలు. పొగమంచు పట్టినట్టు మొదలై, ఇప్పుడు పూర్తిగా మూసుకుంది."

"మరి స్కూల్లో డ్రైవర్లందరికీ కళ్ళ పరీక్ష చేశారుగా?"

"ఎడమ కంటితో చదివిన అక్షరాలే కుడి కంటికీ అప్పజెప్పాను." చిన్నపిల్లాడిలా నేల చూపులు చూశాడు. "మీ అమ్మకి చెప్పకే. ఉన్నపళంగా వచ్చేస్తుంది, దాని ట్రైనింగ్ నీళ్ళపాలవుతుంది. ఇంకా రెండు నెలలే కదా. ఇరవై ఏళ్ళ చెయ్యి ఇది, కళ్ళు మూసుకుని నడపగలను."

"సగం మూసుకునే నడుపుతున్నావు కదా" అన్నాను. అన్నాక నాలిక కరుచుకున్నాను. చివరికి మాటిచ్చాను. అది నా మొదటి తప్పు.

మర్నాటి నుంచి లైబ్రరీ వంకతో ఆయన బస్సే ఎక్కాను, ఆయన వెనక సీట్లోనే. నలభై మంది పిల్లలమ్మా. ఒకర్నొకరు గిల్లుకుంటూ, పెన్సిళ్ళు పారేసుకుంటూ. నాన్న మెడ గడియారం ముల్లులా అస్తమానం కుడికి తిరుగుతూనే ఉంది. నా వేళ్ళు ముందున్న కమ్మీని వదల్లేదు. ఎనిమిదో రోజు బేకరీ ముందు ఆపాడు. రెండు జడల పిల్ల ఒకతి దిగి, బస్సు ముందునుంచి కుడివైపుకి వచ్చి, జారిన సంచీ కోసం వంగింది. బస్సు కదిలింది.

"నాన్నా! ఆపు! కుడివైపు!"

బ్రేకు పడింది. చక్రానికీ ఆ సంచీకీ మధ్య జానెడు కూడా లేదు. పిల్ల సంచీ దులుపుకుని, నావైపు చిరాకుగా చూసి వెళ్ళిపోయింది. నాన్న ఇంజను ఆపి, ఆ పిల్ల రోడ్డు దాటేదాకా మళ్ళీ స్టార్టు చెయ్యలేదు. మర్నాడు మళ్ళీ తాళాలు తీసుకున్నాడు.

ఆదివారం ఫోన్లో నీకు చెబుదామనుకున్నాను, ఆయన పక్కనే కూర్చున్నాడు. నువ్వు "ఏంటే గొంతు అదోలా ఉంది" అన్నావు, జలుబన్నాను. అది రెండో తప్పు.

మొన్న నేనే వెళ్ళి బస్సుల సూపర్‌వైజరుకి అంతా చెప్పేశాను. నిన్న సాయంత్రం నాన్న తిరిగొచ్చి, "డాక్టరు చీటీ తెచ్చేదాకా బండి ఎక్కొద్దన్నారు. ఎవరో చెప్పినట్టున్నారు" అన్నాడు. నేను కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతూ నిలబడ్డాను. ఆయన కాసేపు గుమ్మంలో ఉండి, వెళ్ళి పడుకున్నాడు.

ఇప్పుడు అయిదైంది. పెరట్లో గొట్టం మంచుకి తడుస్తోంది, చూడబుద్ధి కాలేదు. కంటికి ఏ డాక్టరు మంచివాడో, ఇంకా ఆలస్యం కాలేదో అయిందో, వెంటనే రాయి. నీకు రాసే ప్రతి ఉత్తరం కిందా నాన్న రెండు ముక్కలు గిలుకుతాడుగా. కవరు అంటించకుండా ఆయన కళ్ళజోడు పక్కన పెడుతున్నాను. మొహం మీద చెప్పే ధైర్యం నాకు లేదు.

ఇట్లు,
మాట తప్పిన నీ కూతురు

ఏమోయ్, చదివాను. ఎవరు చెప్పారో సూపర్‌వైజరు నిన్ననే చెప్పాడు. అమ్మాయి నోటివెంట వింటానేమోనని గుమ్మంలో నిలబడ్డాను. దానికి తిట్లు రాయకు. ఆ పిల్ల సంచీ నాకు రోజూ కలలోకి వస్తోంది. ఇవాళ తొమ్మిదింటికి ఇద్దరం ఆసుపత్రికి వెళ్తున్నాం.