మేనేజరు గారి క్రెష్ దరఖాస్తు

వసుమతీ,

డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నావని లేపలేదు. లేవగానే నీ జీతం సర్టిఫికెట్, శ్రేయ బర్త్ సర్టిఫికెట్ తీసుకుని పన్నెండున్నరకు మీ ఆసుపత్రి సంక్షేమ కౌంటరు దగ్గరికి రా. ఒంటిగంటకు మూసేస్తారు. క్రెష్ ఫీజులో ఇక్కడి సర్కారు ఇచ్చే సాయానికి గడువు ఇవాళే. అది రాకపోతే పాపను చూసుకోవడానికి నువ్వు ఉద్యోగం మానాల్సి వస్తుంది.

నిన్న మన దరఖాస్తు తిప్పి పంపారు. సిగ్గేసి నీకు చెప్పలేదు. ఇద్దరి జీతాలూ కలిపినా వాళ్ల పరిమితి లోపలే ఉన్నాం. కానీ క్లర్కు నా ఇఖామా, అదే రెసిడెన్సీ కార్డు, మీద హోదా చూశాడు. "ముదీర్ అని ఉంది. మేనేజరుకి సాయమెందుకు? ఖలాస్" అని కాగితాలు వెనక్కి తోశాడు. రిపోర్టరుకైతే ఫ్యామిలీ వీసా ఇవ్వరని, మిమ్మల్ని తెచ్చుకోవడానికి ఆ హోదా వేయించుకున్నది నేనే. ఇరవై ఏళ్లుగా ఇతరుల కాగితాల్లో తప్పులు పట్టి పేపర్లో వేస్తున్నాను. నా కార్డు మాత్రం చదువుకోలేదు.

ఇప్పుడు మా ఎడిటరు రవీంద్ర గారి దగ్గరికి వెళ్తున్నాను. నేను రిపోర్టరునేనని, నా కింద ఎవరూ పనిచేయరని ఉత్తరం అడిగాను. "దానికి ఉత్తరమెందుకయ్యా, నిన్ను చూస్తే తెలియదూ?" అన్నారు. అయినా రాసిస్తారట.

ఫణి

పాపను కింది ఫ్లాటు చిన్నక్క దగ్గర వదిలి రా. కౌంటరుకు మాత్రం తేవద్దు. కనిపించినవాళ్లందరికీ "మా నాన్న మేనేజరు" అని చెబుతోంది. నేర్పింది నేనే.