రానీ, రానీ

మార్చి 2, శనివారం

రేపు డ్యాముకి వెళుతున్నాం. మా అమ్మాయి కారులో. ఇంకోసారి రాసుకుంటాను, మా అమ్మాయి కారులో. తను నడుపుతుంది, నేను పక్కన కూర్చుంటాను. డ్రైవింగ్ టెస్ట్ రెండుసార్లు పోయింది, రెండుసార్లూ రివర్స్ దగ్గరే. అయినా వదల్లేదు నా తల్లి. కారు సెకండ్ హ్యాండ్‌దే, అయితేనేం, లేత నీలం రంగు, ఎండలో చూస్తే కొత్తదే అంటారు.

నా ఉద్యోగమంతా బస్సులోనే గడిచింది గాని దర్జాగా కూర్చుని వెళ్ళింది లేదు. కండక్టరుకి సీటెక్కడిది. రేపు ముందు సీటు నాది. చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే, మన పెళ్ళికి కూడా ఇంత ముస్తాబు కాలేదు మీరు అని మా ఆవిడ దెప్పింది. నిజమే. కాలేదు.

మార్చి 3, ఆదివారం. ఉదయం 5

నిద్ర పట్టలేదు. కారు తుడిచాను. మళ్ళీ తుడిచాను.

అదే రోజు, ఇంటికి వచ్చాక

రాయబుద్ధి కావడం లేదు.

మార్చి 4, సోమవారం

నిన్నటిది రాయాలి.

వెళ్ళేటప్పుడు ఎంత సంబరమో. ఇంటి ముందు కారు కదలగానే నా నోట్లోంచి రైట్ రైట్ అని వచ్చేసింది. అమ్మాయి పడీపడీ నవ్వింది. టికెట్ కొడతావా నాన్నా, నాకు పాస్ ఉంది అంది. వెనక సీట్లోంచి మా ఆవిడ, ఈయనకి జీతం ఆగింది గాని కూత ఆగలేదు అంది. దారిలో ఏమేం ఉన్నాయో నాకు తెలీదు. స్టీరింగ్ మీద అమ్మాయి చేతులే చూస్తూ కూర్చున్నాను. డ్యాము చూశానా అంటే చూశాను, నీళ్ళున్నాయి. గట్టు మీద బ్రెడ్డు, ఉడకబెట్టిన గుడ్లు తిన్నాం. అందరూ నీళ్ళ ముందు ఫోటో దిగితే నేను కారు ముందు దిగాను.

తిరిగి బయలుదేరేటప్పుడు పార్కింగ్‌లోంచి కారు వెనక్కి తీయాలి. వెనక ఒక పొట్టి రాతి స్తంభం ఉంది, అద్దంలో కనపడదు. నాన్నా, నువ్వు దిగి చెప్పు, నీ గొంతు వింటే నాకు ధైర్యం అంది. ఎంతమంది డ్రైవర్లకి చెప్పాను, ఎన్ని ఇరుకు సందుల్లో చెప్పాను. రానీ అంటే రావాలి, హోల్డాన్ అంటే ఆగాలి. దిగి డిక్కీ మీద చరుస్తూ రానీ రానీ అంటున్నాను. పక్కన టీ కొట్టు దగ్గర నిలబడ్డ ఒక పెద్దమనిషి, కారు మీదేనా అండీ అని అడిగాడు.

ఇంకేముంది. అటు తిరిగిపోయాను. మా అమ్మాయిదండీ, సొంత సంపాదన, తనే నడుపుకుంటూ తీసుకొచ్చిందండీ అని మొదలుపెట్టాను. నోరు అటు చెబుతోంది, చెయ్యి ఇటు చరుస్తూనే ఉంది. మధ్యలో రానీ రానీ అని కూడా అన్నానట, మా ఆవిడ చెప్పింది. హోల్డాన్ అనాల్సిన చోట రానీ అన్నాను. వెనక లైటు పగిలింది. బంపర్ లోపలికి పోయింది.

అంతవరకూ అయితే పొరపాటు అనుకోవచ్చు. టీ తాగేవాళ్ళంతా తిరిగి చూశారు. నేను నవ్వాను. కొత్త డ్రైవరండీ, ఇంకా చెయ్యి కుదరలేదు అన్నాను. కారు అద్దం దించే ఉంది. వాళ్ళలో ఒకడు, ఆడవాళ్ళకి రివర్స్ గేరు తీసేసి అమ్మాలండీ అన్నాడు. దానికీ నవ్వాను. ఇది రాయకుండా దాటేద్దామనుకున్నాను.

అమ్మాయి దిగి, ఎవరి కాలికీ గుచ్చుకోకుండా పగిలిన ముక్కలు ఏరింది. ఇంటికి వచ్చాం. మా ఇంటి పక్క సందులోకి కారు రివర్స్‌లో పెట్టాలి. పెట్టలేదు. రోడ్డు మీదే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

మార్చి 6, బుధవారం

అమ్మాయి బస్సులో ఆఫీసుకి వెళుతోంది. కారు మీద పాత దుప్పటి కప్పింది. కండక్టరు కూతురు కదా, బస్సు ఎక్కడికి పోతుంది అంది మా ఆవిడ, నాకు తగలాలనే. తగిలింది.

మార్చి 9, శనివారం

మెకానిక్ వచ్చి చూశాడు. ఎలా తగిలిందమ్మా అన్నాడు. నేనే చూసుకోలేదు అంది అమ్మాయి. నేను గుమ్మంలోనే ఉన్నాను. నోరు తెరిచాను. తెరిచి, మంచినీళ్ళు తాగుతావా బాబూ అని అడిగాను.

అతను వెళ్ళేటప్పుడు అమ్మాయి, ఎవరైనా కొనేవాళ్ళుంటే చెప్పండి, నాకు నడపడం రాదు అంది.

మార్చి 10, ఆదివారం

తిండి సయించలేదు. మా ఆవిడ దగ్గర ఏడ్చినంత పని చేశాను. నా దగ్గర కాదు, వినాల్సిన మనిషి ఆ గదిలో ఉంది అని గిన్నెలు తీసుకుని వెళ్ళిపోయింది.

మార్చి 12, మంగళవారం

మెకానిక్ లైటు బిగిస్తున్నాడు. అమ్మాయి పక్కనే ఉంది. వెళ్ళి అతనితోనే చెప్పాను. ఆ రోజు రానీ అన్నది నేను బాబూ, నా మాట నమ్మి వచ్చింది, తప్పు డ్రైవరుది కాదు, కండక్టరుది అన్నాను. అతను నవ్వి, అయితే కండక్టరుకి కూడా లైటు మార్చాలి పెద్దాయనా అన్నాడు. నా గుండె తేలికపడింది. ఇక అయిపోయిందనుకున్నాను.

అతను వెళ్ళాక అమ్మాయి అంది. స్తంభం సంగతి ఆ రోజే మరిచిపోయాను నాన్నా. నువ్వు నవ్వావు చూడు, అది మరిచిపోలేకపోతున్నాను అని.

నేను క్షమాపణ చెప్పింది లైటుకి.

మార్చి 13, బుధవారం

అవును, నవ్వాను, పదిమందిలో నా పరువు పోకూడదని నీ పరువు ఇచ్చేశాను తల్లీ అని చెప్పాను. వింది. బస్సు టైమయిందని వెళ్ళిపోయింది.

మార్చి 17, ఆదివారం. ఉదయం 7

కారు చప్పుడైతే బయటికి పరిగెత్తాను. దుప్పటి తీసి ఉంది. కారు వెనక భాగం సందు వైపుకి వచ్చేలా తిప్పి ఆపింది. అద్దం దించి, చెప్పు అంది.

ఎదురింటాయన అప్పుడే గేటు దగ్గరికొచ్చాడు. ఏమండీ, అమ్మాయికి కారు బాగా వచ్చేసిందే అన్నాడు.

రానీ. రానీ. రానీ. హోల్డాన్.

ఆగింది. గోడకి జానెడు.

ఎదురింటాయన ఏమనుకున్నాడో ఏమో. నేను తిరగలేదు.