మగ్గాల గోడ పక్కన చవక బోర్డు

3 జూన్ 2002, సోమవారం

తెల్లవారుజామున వాన. ఎనిమిదికి తెరిపి ఇచ్చింది. కబ్బన్‌పేట సందులో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను. పొద్దున మామిడి పిందెల అంచు. గ్రాఫ్ కాగితం మీద నూట ఇరవై వరుసలు నింపాను. రెండు చోట్ల తప్పు. బ్లేడుతో గీకడం.

మధ్యాహ్నం కంప్యూటర్ వచ్చింది. ఎస్.పి. రోడ్డు షాపులో కంప్యూటర్లు బిగించే కిరణ్ తెచ్చి పెట్టాడు. షాపువాళ్లు రెండు వారాలు చూడమన్నారట. నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారు.

సావుకారు మా ఇద్దరినీ పిలిచాడు — నన్నూ, చౌడప్ప మామనూ. ఇక్కడ చీరల అంచులూ కొంగులూ గ్రాఫ్ వేసేది మేమిద్దరమే.

"ఇది చవకది. పనికొచ్చిందా, ఇట్లాంటివే రెండు తీస్తా. చెరొకదాని ముందర కూర్చోండి. పనికిరాలేదా, మంచిది ఒకటి తీస్తా. ఒకదాని ముందర ఇద్దరు కూర్చునేకి కాదు కదప్పా."

ఆ ఒక్కరు ఎవరో చెప్పలేదు. చెప్పక్కర్లేదు. నాకు ముప్పై ఆరు. మామకు అరవై రెండు.

చూసి, ఒక కాగితం మీద రాసి ఇవ్వాల్సింది నేను. పదో తరగతి చదివినందుకు.


4 జూన్, మంగళవారం

మబ్బు. వాన లేదు.

కిరణ్ పక్కమూత తీసి లోపల చూపించాడు. ఆకుపచ్చ పలక ఒకటి. దాన్నే మదర్‌బోర్డు అంటారు. "మామూలుగా తెర మీద బొమ్మ రావాలంటే సెపరేట్ కార్డ్ పెడతామన్నా. ఇందులో గ్రాఫిక్స్ బోర్డులోనే ఉంటది. అందుకే రేటు తక్కువ."

చౌడప్ప మామ వంగి చూశాడు. "అంటే కోడలు ఏరే కాపురం పెట్టలేదు. అత్తింట్లోనే ఉండాది."

కిరణ్‌కు అర్థం కాలేదు. తరువాత నవ్వాడు.

అంచు ఒకటి తెర మీద వేశాను. ఒక గడికి ఒక చుక్క. మౌస్ చేతికి అలవాటు కావడానికి సాయంత్రం అయింది. మామ దూరంగా కూర్చుని కాగితం మీదే వేశాడు. కానీ నా వైపు ఎన్నిసార్లు చూశాడో నాకు తెలుసు.


5 జూన్, బుధవారం

రంగు చూశాం. మామ ఎర్ర పట్టు దారం చిలప తెచ్చి తెరకు ఆనించాడు.

"ఇది ఎరుపు కాదప్పా, టమోటా."

కింద బొత్తాలు తిప్పాను. "ఇప్పుడు?"

"ఇప్పుడు కుళ్లిన టమోటా."

రంగు కుదర్చడం అద్దకం వాళ్ల పని. మాకు ఒక రంగు గడి పక్కన ఇంకో రంగు గడి వేరుగా కనబడితే చాలు. కనబడుతోంది. రంగు సంగతి సరే అని రాసుకున్నాను.


6 జూన్, గురువారం

చదివి చూడడం. అసలు పరీక్ష ఇదే.

గ్రాఫ్ పూర్తయ్యాక ఒకరు పైకి చదవాలి. "రెండు పట్టు, మూడు వదులు, ఒకటి పట్టు..." నింపిన గడి పట్టు, ఖాళీ గడి వదులు. మగ్గానికి ఎక్కించే అట్టలకు బెజ్జాలు కొట్టేవాడు అది వింటూ కొడతాడు. ఒక్క గడి తప్పితే జరీ పక్కకు పోతుంది, చీర పొడుగునా పోతుంది. ముప్పై ఏళ్లుగా ఇక్కడ చదివేది చౌడప్ప మామ. తప్పు చదివాడని ఎవరూ అనగా నేను వినలేదు.

ఇవాళ తెర మీద చదివాడు. నేను కాగితంతో సరిచూశాను. ఏడో వరుసలో తప్పు. పదకొండులో తప్పు. పందొమ్మిదిలో...

ఆగాడు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నీళ్లు తాగొస్తా ఉండు." అరగంట రాలేదు. వచ్చాక కాగితం ముందు కూర్చున్నాడు.


7 జూన్, శుక్రవారం

మామ రాలేదు. చెప్పకుండా మానడం కొత్త.

ఒంటరిగా బుటాలు వేశాను. ఒకటి వేస్తే చాలు, మిగిలినవి అదే పరుస్తుంది. పూట పని పదకొండుకే అయిపోయింది. తప్పు గడి ఒక్క నొక్కుతో పోతుంది. ఇవాళ రోజంతా బ్లేడు ముట్టలేదు. నాకు నచ్చింది... నచ్చిందని రాయడానికి ఎందుకో వెనకాడుతున్నాను.


8 జూన్, శనివారం

ఎండ.

మామ వచ్చాడు. టీ దగ్గర చెప్పాడు — "నిన్న కండ్ల ఆసుపత్రికి పోయింటి."

"ఏమన్నారు?"

"కండ్లు బాగుండాయంట. అయితే చెడింది తలకాయే."

నేను వెళ్లి తెర ముందు కూర్చున్నాను. నిన్నంతా బుటాలు పెద్దవిగా చేసుకుని వేశాను, ఏమీ తెలియలేదు. ఇవాళ చిన్న గళ్లు పెట్టి, కదలకుండా చూశాను. గళ్లు వణుకుతున్నాయి. ఎక్కువ కాదు. లారీ పోతుంటే చెంబులో నీళ్లు కదిలినంత.

"మామా, వణికేది నీ చూపు కాదు. అది."

వచ్చి చూశాడు. ఒక కన్ను మూసి చూశాడు, రెండోది మూసి చూశాడు. తరువాత నవ్వడం మొదలుపెట్టాడు. చేతిలో టీ ఒలికింది. "దీని దుంప తెగ! దీనికోసరం నేను దేవుడికి మొక్కుకుంటినే!"

ఇద్దరం నవ్వాం. నవ్వి, ఒకేసారి ఆగాం. వణికితే పనికిరాదు. పనికిరాకపోతే మంచిది ఒకటే వస్తుంది.

కిరణ్‌కు ఫోన్ చేశాను. "లో బడ్జెట్ బోర్డు కదన్నా, సిగ్నల్ వీక్ ఉంటదేమో. మా షాపులో అయితే బానే ఉండింది మరి."

ఇంటికి పోయేముందు కాగితం తీసి, వణుకు అన్న మాట లేకుండా రాసి చూశాను. కాగితం బాగానే వచ్చింది. చించేశాను.


9 జూన్, ఆదివారం

బట్టలు ఉతకడం. రాగులు పిండిమరకు.

మా ఆవిడ రత్న అడిగింది — "మిషనుకు మార్కులేసే మొగోడా, పదో క్లాసులో నీకెన్ని వచ్చినాయి?"

చెప్పాను. పరీక్షలో ఆ మిషనే నయమంది.


10 జూన్, సోమవారం

అమావాస్య. మగ్గాలు ముట్టుకోరు. నేసేవాళ్లెవరూ రారు. కాగితం ఇవాళ రాసి పెడదామని తాళం తీసుకుని వెళ్లాను.

చౌడప్ప మామ అప్పటికే అరుగు మీద ఉన్నాడు. "ఇంట్లో కూర్చుని ఏం చేయల్ల? కోడలు నన్ను పక్కకు జరిపి ఊడుస్తాది."

లోపల చల్లగా ఉంది. వీధిలో కాకి అరిస్తే గదిలో అరిచినట్టు వినబడింది. మిషన్ వేశాను. ఆఖరుసారి చదవమన్నాను, ఎన్ని వరుసలకు ఎన్ని తప్పులో లెక్క రాయాలి కదా అని. ఇష్టం లేకుండానే కూర్చున్నాడు.

"రెండు పట్టు, మూడు వదులు..."

ఏడో వరుస సరిపోయింది. పదకొండు సరి. పందొమ్మిది సరి. నలభై దాటాక ఆయన గొంతు పెరిగింది. నూరు దాటాక వేలితో తొడ మీద తాళం. రెండు వందల వరుసలు — ఒక్క తప్పు లేదు.

తెర చూశాను. గళ్లు గోడకు కొట్టిన మేకుల్లా నిలబడి ఉన్నాయి.

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. మామ లేచి, మానిటర్ వెనక గోడ మీద అరచెయ్యి పెట్టాడు. గోడకు అవతల ఎనిమిది కరెంటు మగ్గాలు, ఎనిమిది మోటార్లు. ఇవాళ అన్నీ ఆగి ఉన్నాయి.

కిరణ్ షాపులో మగ్గాలు లేవు. మాకేమో మగ్గం చప్పుడు చప్పుడు కాదు. అమావాస్య వస్తేనే అది ఉండేదని తెలుస్తుంది. పేటలో కొత్తగా దిగినవాడైతే మొదటి గంటలోనే అడిగేవాడు — ఏమిటీ మోత అని.

మామ మిషన్ మీద దుమ్ము తుడిచాడు. "పాపం, వారం దినాలు కోడల్ని అంటిమి కదప్పా. ఊగింది ఇల్లు."


11 జూన్, మంగళవారం

ఎనిమిదికి మగ్గాలు వేశారు. ఎనిమిదికే గళ్లు వణికాయి.

మామా నేనూ బల్ల ఎత్తి వీధి కిటికీ పక్కకు మార్చాం. వణుకు లేదు. నమ్మకం కుదరక ఒక్కొక్క అడుగు వెనక్కి జరిపాం. గోడకు ఆరడుగులు ఉందనగా మొదలవుతోంది. అక్కడ సుద్దముక్కతో నేల మీద గీత గీశాను.

మగ్గం నేసేవాడొకడు తొంగి చూశాడు. "ఏం చౌడప్పా, బొంగరం ఆడేకి గీత గీస్తాండారా?"

"నువ్వు మగ్గం ఆపు, నీకు సినిమా చూపిస్తా," అన్నాడు మామ.


12 జూన్, బుధవారం

సాయంత్రం జల్లు.

పెద్ద కొంగు తెరిచాను. మిషన్ నత్తనడక. ఒక మూల నుంచి ఇంకో మూలకు పోయేలోపు బీడీ కాల్చి రావచ్చు. కిరణ్‌ను పిలిపించాను.

"బొమ్మకి సొంత మెమరీ లేదన్నా. ఉన్నదాంట్లోంచే వాడుకుంటది. నూట ఇరవై ఎనిమిదిలో ముప్పై రెండు దానికే ఇచ్చేశారు."

"నేను సెప్పలేదా? అదే పొయ్యి, అవే బియ్యం," అన్నాడు మామ. "దానికి శానా వడ్డించినారు."

మిషన్ మొదలయ్యేటప్పుడు వచ్చే నీలం తెరలోకి వెళ్లి, ముప్పై రెండును ఎనిమిది చేశాడు కిరణ్. కొంగు కదిలింది. పరుగు కాదు, మంచి నడక. మాకు చాలు. ఇక కార్ల ఆటలు ఆడవని కిరణ్ కొంచెం బాధపడ్డాడు.

"ఆడకపోనీలే. మగ్గం ఆడితే సాలు మాకు."

కిరణ్ వెళ్లాక మామ నా కుర్చీలో కూర్చున్నాడు. నేను లేవమనలేదు. మౌస్‌ను కుంచె పట్టినట్టు మూడు వేళ్లతో పట్టుకున్నాడు. ఒక మామిడి పిందె వేశాడు. గంట పట్టింది. వంపు మాత్రం — నాకు ఆ వంపు రాదు. కాగితం మీదా రాదు.


13 జూన్, గురువారం

కాగితం రాశాను. నాలుగుసార్లు రాశాను. ఆఖరుకు ఇలా వచ్చింది:

"బొమ్మకు వేరే కార్డు లేదు. మన పనికి అక్కర్లేదు. రంగు సరిగ్గా రాదు, గడి సరిగ్గా వస్తుంది. పెద్ద కొంగులకు నిదానం, మెమరీ సర్దితే పరవాలేదు. మగ్గాల గోడకు ఆరడుగుల లోపల పెడితే తెర వణుకుతుంది, దాటితే వణకదు. చౌడప్ప రెండు వందల వరుసలు తప్పు లేకుండా చదివాడు. పనికొస్తుంది."

మామకు చదివి వినిపించాను. "నా పేరు యాల ఏసినావు?" అన్నాడు. "చదివింది నువ్వు కదా" అన్నాను. ఇంకోసారి చదవమన్నాడు.


14 జూన్, శుక్రవారం

పొద్దున చినుకులు, తరువాత ఎండ. మూడున్నర వరకు కొంగు పని. నాలుగుకు సావుకారు వచ్చాడు. నిలబడే చదివాడు. వేలు వణుకు దగ్గర ఆగింది.

"గోడ పక్కన వణుకుతాది అని రాసుండావు. ఖరీదుది వణుకుతాదా?"

"తెలియదండీ. దాన్ని చూడలేదు."

"సరి. ఈ కిటికీ పక్క రెండు బల్లలు పడతాయా?"

దాన్ని కొలవలేదు. పదకొండు రోజులు అన్నీ చూశాను, ఇది చూడలేదు. మామ టేపు తెచ్చాడు. ముగ్గురం వంగి కొలిచాం. మొదటి బల్ల పడుతుంది. రెండోది సుద్దగీత దాటి జానెడు లోపలికి వస్తుంది. పక్కనున్న నూలు బీరువా జరపడానికి లేదు, అది గోడలోకే కట్టి ఉంది.

సావుకారు కాగితం మడిచాడు. "జానెడు వణుకుతాది అంటే అది వణికినట్లే కదప్పా."

చౌడప్ప మామ మోకాళ్లు పట్టుకుని లేచాడు.

"ఆ జానెడులో నన్ను కూర్చోపెట్టండి సావుకారు. నా చెయ్యి కూడా వణుకుతాది. పదేండ్లాయె. మీరేమైనా నన్ను గోడకు దూరంగా పెట్టినారా?"

సావుకారు ఆయన చేతులు చూశాడు. ఇన్నేళ్లలో మొదటిసారి చూసినట్టే చూశాడు. తరువాత నవ్వు ఆపుకోలేకపోయాడు. నేనూ నవ్వాను. మామ మాత్రం నవ్వలేదు.

"అట్ల కాదు," అన్నాడు సావుకారు. "ఆ ఖరీదుదాన్ని కూడా ఒక దినం తెచ్చి ఇదే గోడ పక్కన పెడతాం. నువ్వే చదువు. అది కూడా వణికిందా, వణుకు చవకది కాదు, గోడది — రెండూ చవకవే తీస్తా. అది వణకలేదా..." కాగితం జేబులో పెట్టుకున్నాడు. "పద, షాపుకు పోదాం. చదివేవాడు నువ్వు, నువ్వే చూసి తేవల్ల."

ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగని మామ, ఇవాళ తన చోటు తానే అడిగి పంచె దులుపుకున్నాడు. సావుకారు స్కూటర్ వెనక ఒక పక్కకు కూర్చున్నాడు.

నాలుగు నలభైకి ఇద్దరూ వెళ్లారు.

ఆరుకు మగ్గాలు ఆపారు. ఇక ఇవాళ ఈ గోడ పక్కన ఏ తెరా వణకదు. ఆరుంబావుకు నేసేవాళ్లంతా వెళ్లిపోయారు. సావుకారూ మామా ఇంకా రాలేదు.